మిజింగా మోంగు కాలేజీనే ఎందుకు ఎంచుకుంది

మిజింగా హమౌందు నన్ను చిన్నప్పటి నుంచీ చేప తల అనే పిలుస్తుంది. నేను ఆమెను పేడకడి అంటాను. మేం చేపలు పట్టే లోజీలం, వాళ్ళు పశువులు మేపే తోంగాలు. తాతల కాలం నుంచీ రెండు జాతులకూ పరాచికాల వరస. ఎదురుపడితే ఒకరినొకరు ఆడిపోసుకోవాలి. ఊరికే పలకరించి వెళ్ళిపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఎంత మాట పడ్డా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు నలుగురి ముందు కోడిని ఇచ్చుకోవాలి. కోడి పోతే పోయింది, పరువు కూడా పోతుంది. ఒకవైపు మనిషి చనిపోతే రెండోవైపు వాళ్ళు సమాధి దగ్గరికి వచ్చి పోయినవాడి నడక నడుస్తారు, వాడి గొంతు పెట్టి మాట్లాడతారు, వాడి పిసినారితనం, తాగుడు అన్నీ ఆడి చూపిస్తారు. శోకాలు పెట్టేవాళ్ళు కూడా ముక్కు తుడుచుకుని నవ్వాల్సిందే. ఈ వరస మంచిదని అందరూ అంటారు. ఎన్నో కత్తిపోట్లు ఆపిందని కూడా అంటారు. అది దాచిపెట్టినవాటి గురించి మాత్రం ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతాను.

మా మేనమామ లిస్వానిసో మోంజే దగ్గర తోంగాల ఊళ్ళో హైస్కూలు హెడ్మాస్టరు. పొడవాటి మనిషి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కొంగలాగా ఆగి ఆగి నడిచేవాడు. మా అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచాడు. మిజింగా, నేను ఒకే క్లాసు. లెక్కల్లో ఆమె పలక చూసి రాయకపోతే నేను ఏ తరగతీ దాటేదాన్ని కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఇది నిజం.

పన్నెండో తరగతి అయ్యాక ఇద్దరం ప్రైమరీ టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాం. ఆ రోజుల్లో దరఖాస్తు బడి ద్వారానే పోవాలి. హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర లేకపోతే కాలేజీవాళ్ళు విప్పి కూడా చూడరు. ఆ ఏడు మా బడి నుంచి ఒక్క ఆడపిల్లనే పంపమన్నారు. మార్కులు చూస్తే మిజింగానే పోవాలి. ఊళ్ళో ఎవరికీ అందులో అనుమానం లేదు.

తల్లిదండ్రుల సమావేశంలో మావయ్య మిజింగా దరఖాస్తు చేత్తో పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఈ పిల్ల టీచరమ్మ అవుతుందట! తోంగా పిల్ల టీచరైతే ఎవరికి చెబుతుంది పాఠం? దూడలకి! హమౌందు బావా, నీ కూతురికి పార కొనిపెట్టు. కాయితం ఎందుకు దండగ?"

జనం పడీ పడీ నవ్వారు. మిజింగా నాన్న హమౌందు టోపీ తీసి చేతిలో పట్టుకుని లేచాడు.

"మా దూడలకి నీకంటే ఎక్కువ చదువొచ్చు బావా. వరదొస్తే ఇల్లొదిలి పడవెక్కి పారిపోయే జాతి, నువ్వా నాకు చెప్పేది?"

మళ్ళీ నవ్వులు. ఆయన నవ్వు చిత్రంగా ఉండేది. ముందు ఊపిరి లోపలికి పీల్చి, ఆ తర్వాత మూడు ముక్కలుగా వదిలేవాడు. మిజింగా కూడా మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లు కొడుతూ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

నెలన్నర తర్వాత కాలేజీ నుంచి కబురొచ్చింది. పేరు నాది, నసిలేలే అని.

మిజింగా ఆఫీసు గదికి వచ్చిన రోజు నేను అక్కడే మావయ్యకి టీ కలుపుతున్నాను.

"సార్, నా దరఖాస్తు ఏమైంది?"

మావయ్య సొరుగు లాగాడు. దరఖాస్తు రెండు మడతలు పెట్టి అందులోనే ఉంది. సంతకం లేదు, ముద్ర లేదు.

"అందరి ముందే చెప్పాను కదమ్మాయ్, పార కొనిపెట్టమని. మీ నాన్న నవ్వాడు. ఆయనకీ ఇష్టమే అనుకున్నాను."

సొరుగు మూసి తాళం వేశాడు. తాళం చెవి కోటు జేబులో పడిన చప్పుడు నాకు వినిపించింది. నేను టీలో చక్కెర రెండోసారి వేశాను. మావయ్య తాగి, ఏంటే ఇంత తియ్యగా ఉంది అన్నాడు.

హమౌందు ఏం చేయగలడు? గొడవకి పోతే, పరాచికానికి కోపం తెచ్చుకున్నాడంటారు. పంచాయితీ పెడితే పెద్దలు ముందు కోడిని తెమ్మంటారు. ఆ ముసలాయన బడి గేటు దాకా మూడుసార్లు వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాడు. "పరాచికమనుకున్నానే తల్లీ" అని కూతురితో ఒక్కసారి అన్నాడట. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను చోమా కాలేజీకి వెళ్ళి చదువుకుని టీచరునయ్యాను. మిజింగా ఊరివాళ్ళు మట్టి ఇటుకలతో కట్టుకున్న పల్లె బడిలో ఒకటో తరగతి పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది. జీతం బదులు ఏడాదికి కొన్ని బస్తాల మొక్కజొన్నలు. ట్రైనింగు లేదు కాబట్టి ఎవరూ ఆమెను టీచరు అని రాసుకోరు, సాయం చేసే మనిషి అని రాస్తారు. ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్న పిల్లలు నాలుగో తరగతికి నా బడికి వచ్చేవాళ్ళు. ట్రైనింగు ఉన్న నా పిల్లల కంటే చక్కగా చదివేవాళ్ళు.

ఆరేళ్ళ తర్వాత హమౌందు చనిపోయాడు. మావయ్య వచ్చాడు. రావాలి, వరస కదా. గుంట పక్కన నిలబడి, ఎవరిదో టోపీ తీసుకుని చేతిలో పట్టుకుని, హమౌందు నవ్వు నవ్వాడు. ఊపిరి లోపలికి పీల్చి, మూడు ముక్కలుగా. అచ్చం ఆయనే. ఏడుస్తున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. మిజింగా కూడా నవ్వింది. ఆమె కుడిచేయి మాత్రం తండ్రి గుంట మట్టిలోకి మణికట్టు దాకా దిగిపోయి ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ రోజు నుంచి మా మావయ్యకి మంచి జరగదని నాకు తెలుసు.

ఏళ్ళు గడిచాయి. మావయ్య రిటైరై మా లోజీల ఊరు మోంగు వెళ్ళిపోయాడు. నేను సర్కారు బడికి హెడ్మాస్టరునయ్యాను. అప్పుడు కొత్త నియమం వచ్చింది. పల్లె బళ్ళలో చెప్పేవాళ్ళు ప్రైమరీ విద్యలో డిగ్రీ చదవాలి, లేదంటే ఇంటికి పోవాలి. పనిలో ఉన్నవాళ్ళకి బడి సెలవుల్లోనే క్లాసులు పెడతారు. నాలుగేళ్ళ చదువు, చివర ఒక టర్ము బడిలో పాఠాలు చెప్పే ప్రాక్టీసు. మిజింగాకి అప్పటికి నలభై రెండేళ్ళు. మూడు కాలేజీల నుంచి సీటిస్తామని జవాబొచ్చింది. చోమా, లుసాకా, మోంగు. మూడు కాలేజీల వివరాల పుస్తకాలు పట్టుకుని మా వరండాకి వచ్చింది. నేను మొక్కజొన్న పిండితో చేసిన చిబ్వాంతు రెండు చెంబులు తెచ్చి పెట్టాను.

"చోమా," అన్నాను నేను. "ఇందులో ఆలోచించేదేముంది? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటావు. పేరున్న కాలేజీ. ప్రాక్టీసు కూడా తోంగా పిల్లలకే. కళ్ళు మూసుకుని చెప్పేస్తావు."

"ఊఁ."

"లేదంటే లుసాకా. పాఠాలన్నీ ఫోన్లోకి పంపుతారు. ఇల్లు కదలక్కర్లేదు."

"ఊఁ," అంటూ ఆమె మోంగు పుస్తకం తిప్పుతోంది.

"దాన్ని అవతల పారెయ్యవే. రెండు రోజుల ప్రయాణం. ఆ ఇసుకలో అడుగేస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది. పైగా ప్రాక్టీసులో లోజీలో పాఠం చెప్పాలి. నీకు లోజీలో తిట్లు తప్ప ఏమొచ్చే పేడకడీ?"

"తిట్లు వచ్చాయి కదా. మిగతాది నేర్చుకుంటా."

పుస్తకం నా వైపు తిప్పింది. కాలేజీ వాళ్ళు ప్రాక్టీసుకి పంపే బడి బొమ్మ ఉంది. దాని కింద బడి కమిటీ అధ్యక్షుడి ఫోటో. చేతులు వెనక్కి కట్టుకుని మా మావయ్య. ప్రాక్టీసు పూర్తయినట్టు కాయితం మీద అధ్యక్షుడు సంతకం పెట్టి ముద్ర వేస్తేనే డిగ్రీ అని కింద రాసి ఉంది.

నేను చెంబు కింద పెట్టేశాను. "ఆయన మళ్ళీ పెట్టకపోతే? నాలుగేళ్ళ చదువు గంగలో కలుస్తుంది. ఉన్న పని కూడా పోతుంది."

"పెడతాడు."

"పోనీ సంతకం పెట్టించుకున్నాక అడుగు. ఏం కడగాలనుకుంటే అది కడుగు."

"సంతకం అయ్యాక ఎవరైనా తిడతారు చేప తలా," అంది మిజింగా. "సంతకం కాకముందు తిట్టాలి. అప్పుడే కదా తిట్టినట్టు."

చోమా పుస్తకం, లుసాకా పుస్తకం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

మావయ్యకి ఫోన్ చేసి హెచ్చరించవచ్చు. చేయలేదు. ఆయన నన్ను పెంచాడు, చదివించాడు, నా పెళ్ళి చేశాడు. అయినా ఆయన మీద నాకు కోపం ఉంది. నాది కాని దాన్ని తెచ్చి నాకిచ్చాడు. ప్రతి నెలా జీతం తీసుకుంటున్నప్పుడు అది నాకు గుర్తుకొచ్చేలా చేశాడు. ఎవరో ఒకరు ఆయనకి బుద్ధి చెప్పాలని నాకూ ఉంది. చెప్పే ధైర్యం మాత్రం లేదు.

నాలుగేళ్ళూ మిజింగా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు సెలవుల్లో మోంగు వెళ్ళి వచ్చింది. బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ దగ్గర లోజీ నేర్చుకుంది. ఇంటికొచ్చాక మా ఇంట్లో కూర్చుని నా చేత గంటల తరబడి లోజీ మాట్లాడించేది. తప్పు పలికితే నేను నవ్వేదాన్ని, ఆమె మళ్ళీ పలికేది. రెండో ఏడు ఆమె కొడుకు పెళ్ళి పరీక్షల్లో పడింది. ఒక్క రోజుకి వచ్చి, పెళ్ళి విందు గిన్నెలు కడగకుండానే బస్సెక్కేసింది. చోమా వెళ్ళి ఉంటే ఈ అగచాట్లు ఒక్కటీ ఉండేవి కావని అందరూ అన్నారు. ఆమె తర్వాతి సెలవులకి బస్సు టికెట్టు కొనుక్కుంది.

చివరి టర్ములో మావయ్య బడిలో ప్రాక్టీసు మొదలైంది. మొదటి రోజే ఆయన ఎదురుపడ్డాడట. మోకాళ్ళు వంచి చప్పట్లు కొట్టి, "మోంజే నుంచొచ్చాను మావా, హమౌందు కూతుర్ని" అందట. తోంగా మనిషి వచ్చి మావా అనేసరికి ఆయన మురిసిపోయాడట. ఎనభై దాటిన మనిషికి ఆ పేరు వినగానే గుర్తొచ్చింది దరఖాస్తు కాదు, వరస. "ఓహో, దూడల జాతి! మీ నాన్న భలే నవ్వేవాడు!" అన్నాడట. మిజింగా ఫోన్లో నాకు ఇది చెబుతున్నప్పుడు గొంతులో ఏ తేడా లేదు. ఆ తర్వాత మూడు నెలలూ రోజూ ఆయన పరాచికాలకి బదులిచ్చింది. ఆయనకి గొంతులో చేప ముల్లు గుచ్చుకుంటే వేడి అన్నం ముద్ద పెట్టింది. ఊరంతా ఈ తోంగా టీచరమ్మ ఎంత మంచిదో అనుకుంది.

ప్రాక్టీసు ముగిసిన రోజు బడిలో తల్లిదండ్రులకి విందు. మావయ్య కుటుంబమని నన్నూ పిలిచారు. నాకు మోంగులో పనేమీ లేదు, చూడాలనే వెళ్ళాను. నాలుగువందల మంది ఉంటారు. ఎండు చేపలు, మొక్కజొన్న పిండితో వండిన నుషిమా ముద్దలు, పెరుగు గిన్నెలు. మావయ్య కర్ర పట్టుకుని లేచాడు.

"ఈ పిల్ల మా బడిలో పాఠం చెప్పింది. తోంగా పిల్ల! దూడలకి కాదు, మనుషుల పిల్లలకే! నేను నమ్మలేకపోతున్నాను."

జనం నవ్వారు. మిజింగా లేచింది.

"మావా, మీకు వయసైపోయింది," అంది లోజీలో. ఒక్క తప్పు లేదు. "రేపో మాపో పోతారు. మోంజే నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది, నేనొచ్చేసరికి పూడ్చేస్తారు. వరస ప్రకారం మీ గుంట దగ్గర నేను చేయాల్సిన పని ఉంది. అది ఇప్పుడే చేసి పోతాను. ఏమంటారు?"

చప్పట్లు మోతెక్కిపోయాయి. బతికున్న మనిషి ముందు ఆ ఆట ఎవరూ చూసి ఎరగరు. మావయ్య పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "కానీ, కానీ" అన్నాడు.

ఆమె చేతులు వెనక్కి కట్టింది. కొంగలాగా ఆగి ఆగి నాలుగడుగులు వేసింది. మావయ్య భార్య అప్పటికే చీర కొంగులాంటి చితెంగె గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. మిజింగా ఒక బల్ల దగ్గర కూర్చుని, గాల్లోంచి కాయితం అందుకుంది. పైకెత్తి అందరికీ చూపించింది. "తోంగా పిల్ల! దూడలకి పాఠం!" అదే గొంతు, అదే తీరు. రెండు మడతలు పెట్టింది. సొరుగు లాగింది. కాయితం పెట్టింది. మూసింది. తాళం వేసింది. తాళం చెవి జేబులో వేసుకుంది.

"ఏంటే ఇంత తియ్యగా ఉంది?" అంది, లేని కప్పు నోటి దగ్గర పెట్టుకుని.

జనం కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళకి అది ఒక పిసినారి ముసలాయన ఆట. మావయ్య కూడా నవ్వుతున్నాడు, కానీ ఆయన చూపు గాల్లో ఉన్న సొరుగు మీద ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ళకి ఆయనకి గుర్తొచ్చింది. ముఖం బూడిదరంగుకి తిరిగింది. నవ్వు ఆపితే కోపం తెచ్చుకున్నట్టు. నాలుగువందల మంది ముందు, సొంత ఊళ్ళో, కోడి. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

మిజింగా అప్పుడు తన తండ్రిలా నిలబడింది. చేతిలో టోపీ పట్టుకుని ఒక్క అడుగు ముందుకి, ఒక్క అడుగు వెనక్కి. మూడుసార్లు. ఆ తర్వాత ఊపిరి లోపలికి పీల్చి, మూడు ముక్కలుగా నవ్వింది. నా చెవిలో ఇంకా ఉంది ఆ నవ్వు. చచ్చిన మనిషి లేచి వచ్చినట్టుంది.

ఆ మీదట చంకలోంచి ప్రాక్టీసు కాయితం తీసి మావయ్య ఒళ్ళో పెట్టింది.

"సంతకం పెట్టండి మావా. ఇక్కడ సొరుగు లేదు, చూసుకునే వచ్చాను."

జనం మళ్ళీ గొల్లుమన్నారు. మావయ్య కలం తీశాడు. నవ్వుతూ సంతకం పెట్టాడు. నవ్వుతూ ముద్ర వేశాడు. ముద్ర పక్కకి ఒరిగితే మిజింగా ఆయన వేళ్ళ మీద చేయి పెట్టి నొక్కి సరిగ్గా వేయించింది. ఒకటో తరగతి పిల్లల చేత అ రాయించేటప్పుడు పట్టుకునేలా పట్టుకుంది.

నాకు అప్పుడు హాయిగా అనిపించింది. దాచను. ఇన్నేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. అప్పుడే మిజింగా నా వైపు తిరిగింది.

"ఆ ఏడు వెళ్ళిన దరఖాస్తు ఎవరిదో తెలుసా?" అని జనాన్ని అడిగింది. "ఇదిగో, ఈ చేప తలది. నా పలక చూసి లెక్కలు చేసిన తల ఇదే."

జనం నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. మావయ్య, నేను ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని నవ్వాం.

మావయ్య ఆ ఏడు వర్షాలకి ముందే పోయాడు. మిజింగా గుంట దగ్గరికి రాలేదు. రావలసిన పని ముందే అయిపోయిందని కబురు పెట్టింది. అందరూ నవ్వారు.

డిగ్రీ వచ్చాక ఎక్కడ పనిచేస్తావని సర్కారువాళ్ళు అడిగితే మూడు బళ్ళ పేర్లు రాసి ఇవ్వొచ్చు. మూడు గీతల మీదా మా బడి పేరే రాసింది. ఇప్పుడు నా కింద పనిచేస్తుంది. ఒకటో తరగతి ఆమెదే, జిల్లాలో అంత బాగా చెప్పేవాళ్ళు లేరు. ప్రతి ఏడూ పై చదువుల దరఖాస్తులు వచ్చే రోజున టీచర్లందరి ముందు నా బల్ల దగ్గరికి వస్తుంది. నా సొరుగు లాగుతుంది. లోపలికి చేయి పెట్టి మూల మూలలా వెతుకుతుంది. "ఇంకా ఏం దాచావే చేప తలా?" అంటుంది. అందరూ నవ్వుతారు.

ఆ సొరుగు తాళం నేను తీయించేసి రెండేళ్ళయింది. లోపల సుద్దముక్కలు తప్ప ఏమీ ఉండవు. అది ఆమెకి తెలుసు. నాకు మా పెరట్లో పదకొండు కోళ్ళున్నాయి. ఒక్కటిచ్చి, ఒక్కసారి ఆ సొరుగు మీద గట్టిగా కొట్టి, చాలు ఆపవే అని అరవాలని ఉంటుంది.

నవ్వుతాను. ఆమె వెతకడం అయ్యేదాకా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంటాను.